'వేర్‌ఫోర్' అంటే 'ఎక్కడ' కాదమ్మా

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను డిగ్రీ మొదటి సంవత్సరం, ఇంగ్లీష్ లిటరేచర్. చిన్నప్పటి నుంచి నవలలంటే పిచ్చి. అందుకే ఇంట్లో వద్దన్నా ఈ సబ్జెక్టే తీసుకున్నాను. ఆరు నెలలైంది. ఇష్టంగా ఒక నవల పట్టుకుని ఎన్నాళ్లయిందో గుర్తులేదు. పుస్తకం తెరిస్తే పేజీకి ఇరవై మాటలకు అర్థం వెతుక్కోవాలి. చివరికి గైడ్ చదివి పరీక్షలు రాస్తున్నాను. మార్కులు ఫర్వాలేదు. కానీ మొన్న క్లాసులో వర్డ్స్‌వర్త్ పద్యం ఒకటి చెప్పారు. ఎనిమిదే లైన్లు. నిద్ర, రాళ్లు, చెట్లు అని ఉంటుంది. 'నీకేమనిపించింది' అని మా లెక్చరర్ నన్ను అడిగితే గైడ్‌లో ఉన్న వాక్యం తప్ప ఇంకేమీ రాలేదు. గైడ్‌లో దాని మీద నాలుగు పేజీలుంది. నాకేమో ఆ ఎనిమిది లైన్లలో ఏమీ కనపడలేదు. పక్కన కూర్చునేవాళ్లు గలగలా ఇంగ్లీష్ మాట్లాడేస్తారు, నేను తెలుగులో అనుకుని ఇంగ్లీష్‌లో చెబుతాను. బంధువులేమో 'ఇది చదివితే ఏమొస్తుంది' అంటారు. చాలా టెన్షన్‌గా ఉంది. సబ్జెక్ట్ తప్పు ఎంచుకున్నానా? మారిపోనా?
– ఒక విద్యార్థిని

సమాధానం: నీ ఉత్తరం చదవగానే నా మొదటి ఇంటర్నల్ పరీక్ష గుర్తొచ్చిందమ్మా. షేక్‌స్పియర్ 'రోమియో అండ్ జూలియట్'లో బాల్కనీ సీను మీద ప్రశ్న. రాత్రివేళ జూలియట్ పైన నిలబడి 'వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో' అంటుంది కదా. పాపం ఆ పిల్ల చీకట్లో ప్రియుడి కోసం ఎలా వెతుక్కుంటోందో, ఆ విరహం ఎంత గొప్పదో రెండు పేజీలు నింపాను. పేపర్లు తిరిగిచ్చేటప్పుడు మా మాస్టారు నన్ను లేపి, పుస్తకం చేతికిచ్చి, ఆ తర్వాతి లైను చదవమన్నారు. చదివాను. నీ తండ్రిని కాదను, నీ పేరు వదులుకో అంటోంది జూలియట్. 'ఎక్కడున్నావని వెతికే పిల్ల, పేరు వదులుకోమని ఎందుకంటుందమ్మా?' అని అడిగారు. నేను నేల చూపులు చూశాను.

'వేర్‌ఫోర్' అంటే 'ఎక్కడ' కాదు. 'ఎందుకు'. నువ్వు రోమియోవే ఎందుకయ్యావు, మాకు పగవాళ్లైన ఆ ఇంట్లోనే ఎందుకు పుట్టావు అని ఆమె గోల. అతను కిందే నిలబడి వింటున్నాడని ఆమెకు తెలియను కూడా తెలియదు. నేను రాసిన విరహం అంతా నా గైడ్‌లోది. ఆ గైడ్ రాసినాయనకూ నాకూ తేడా ఏమీ లేదు, ఇద్దరం తర్వాతి లైను చదవలేదు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, నీ బాధకు కారణం ఇంగ్లీష్ అని నువ్వు అనుకుంటున్నావు. నాకలా అనిపించడం లేదు. నాకు ఆ రోజు 'వేర్‌ఫోర్' తెలియకపోవడం పెద్ద తప్పేమీ కాదు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుకునే వాళ్లు కూడా ఆ మాటను అలాగే పొరబడుతుంటారు. తర్వాతి లైనుకీ నేను రాసినదానికీ పొంతన లేదని నాకు అనుమానం రాలేదు చూడు, అదీ తప్పు. అనుమానం రావాలంటే లైను చదవాలి. నేను చదివింది లైను గురించి ఇంకెవరో రాసింది.

నీ పక్కన గలగలా మాట్లాడే పిల్లల సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. మాట్లాడటం వేరు, చదవడం వేరు. ఆ పిల్లలను నాలుగు వందల ఏళ్ల కిందటి సానెట్ (పద్నాలుగు లైన్ల పద్యం) ముందు కూర్చోబెడితే వాళ్లూ నీలాగే తల గోక్కుంటారు. పైగా వాళ్లకో ప్రమాదం ఉంది, నీకు లేదు. తెలిసిన మాట కనపడితే తెలుసనుకుని దాటిపోతారు. 'నైస్' అంటే ఒకప్పుడు తెలివితక్కువ అని అర్థం. 'సిల్లీ' అంటే మొదట్లో దీవెనలు పొందిన, ధన్యమైన అని. 'హామ్లెట్'లో తండ్రి దయ్యం వెంట వెళ్లకుండా మిత్రులు పట్టుకుంటే, నన్ను 'లెట్' చేసేవాణ్ణి దయ్యాన్ని చేస్తానంటాడు హామ్లెట్. అక్కడ 'లెట్' అంటే వెళ్లనివ్వడం కాదు, సరిగ్గా ఉల్టా, అడ్డుకోవడం. పేజీకి ఇరవై మాటలు వెతికే నీకు ఇలాంటివి దొరుకుతాయి. వెతకనివాళ్లకు దొరకవు. వెతకడం మానకు, అయితే మామూలు డిక్షనరీతో వెతకకు. మీ కాలేజీ లైబ్రరీలో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ ఉంటే, మాట ఏ కాలంలో ఏ అర్థంలో వాడారో ఏళ్లతో సహా అందులో ఉంటుంది. అది లేకపోతే ప్రతి పేజీ కింద నోట్స్ ఉన్న ప్రతి తీసుకో. ఉత్త టెక్స్ట్ మాత్రమే ఉన్న చవక ప్రతితో షేక్‌స్పియర్ చదవడం చీకట్లో సూదిలో దారం ఎక్కించడమే.

ఇక గైడ్. గైడ్‌ను తగలబెట్టమని నేను చెప్పను. పరీక్ష ముందు రోజు రాత్రి నేనూ చదివాను, అందరూ చదువుతారు. ఇప్పుడైతే గైడ్ కూడా అక్కర్లేదు, ఫోన్‌లో అడిగితే సారాంశం, పాత్ర చిత్రణ, థీమ్స్ అన్నీ నిమిషంలో పోసేస్తుంది. తేడా అంతా వరసలోనే ఉంది. ముందు గైడ్ చదివి తర్వాత పద్యం చదివితే, పద్యంలో నీకు గైడే కనపడుతుంది. అందుకే లెక్చరర్ అడిగినప్పుడు అదే నోట్లోంచి వచ్చింది.

ఐ.ఏ. రిచర్డ్స్ అని కేంబ్రిడ్జ్‌లో ఒక మాస్టారు ఉండేవారు. 1920లలో ఆయన తన విద్యార్థులకు పద్యాలు పంచేవారు, కవి పేరు లేకుండా, కాలం చెప్పకుండా. ఏం తోస్తే అది రాసి ఇమ్మనేవారు. వాళ్లు రాసినవన్నీ పోగుచేసి 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజం' అనే పుస్తకం వేశారు. ఆ రాతలు చూస్తే నీకు బోలెడు ధైర్యం వస్తుంది. మహాకవులను తీసిపారేసినవాళ్లు ఉన్నారు, ఇవాళ ఎవరూ తలుచుకోని పద్యాలను నెత్తిన పెట్టుకున్నవాళ్లు ఉన్నారు, మొత్తానికి అర్థమే తలకిందులుగా చేసుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లెవరూ ఇంగ్లీష్ రానివాళ్లు కాదు. పేరు చూసి మెచ్చుకోవడం అలవాటైనవాళ్లు, పేరు తీసేసేసరికి ఊతకర్ర పోయినట్టయింది. ఆ అవస్థ పడ్డాకే చదవడం మొదలవుతుందని రిచర్డ్స్ ఉద్దేశం. నువ్వు ఆరు నెలల్లో ఆ అవస్థ ఒక్కసారి కూడా పడలేదు, గైడ్ పడనివ్వలేదు.

ఇప్పుడు నీ ఎనిమిది లైన్ల దగ్గరికి వద్దాం. నువ్వు చెప్పిన ఆనవాళ్లను బట్టి అది 'ఎ స్లంబర్ డిడ్ మై స్పిరిట్ సీల్' అయి ఉండాలి. 1800లో అచ్చయింది. ఎవరి గురించి రాశాడు, ఎక్కడుండగా రాశాడు అనేవన్నీ గైడ్‌లో ఉంటాయి, కాసేపు వాటిని పక్కన పెట్టు. మొదటి నాలుగు లైన్లు సుమారుగా ఇలా చెప్పుకోవచ్చు: ఒక మత్తు నా మనసును మూసేసింది, మనుషులకుండే భయాలేవీ నాకు లేకపోయాయి, ఆమె ఒక వస్తువులా ఉండేది, లోకంలో గడిచే ఏళ్లు తాకినా తెలియనట్టు. తర్వాతి నాలుగు: ఇప్పుడు ఆమెలో కదలిక లేదు, బలం లేదు, వినదు, చూడదు, భూమి రోజూ తిరిగే తిరుగుడులో పడి తిరుగుతోంది, బండలతో, రాళ్లతో, చెట్లతో.

అంతే పద్యం. ఇందులో ఏమీ కనపడలేదన్నావు. ఒకటి అడుగుతాను. నాలుగో లైనుకూ ఐదో లైనుకూ మధ్య ఏం జరిగింది?

ఆమె చనిపోయింది. ఆ మాట పద్యంలో ఎక్కడుంది? ఎక్కడా లేదు. చావు అనే మాట లేదు, సమాధి లేదు, కన్నీళ్లు లేవు, ఆఖరికి ఆమె పేరు కూడా లేదు. రెండు చరణాల మధ్య వదిలిన ఖాళీలో ఆమె చనిపోయింది. పైనంతా భూతకాలం, కిందంతా వర్తమానం. మధ్యలో 'నౌ' అనే చిన్న మాట ఒకటి వచ్చి కూర్చుంది. నీకు ఏమీ కనపడకపోవడం నీ లోపం కాదు, అక్కడ ఏమీ కనపడకుండా చేయడమే కవి చేసిన పని. నీ కళ్లు సరిగ్గానే చూశాయి, చూసినదాన్ని నువ్వు నమ్మలేదు.

ఇంకొంచెం కూర్చో. పైన 'థింగ్' అన్నాడు. బతికున్న మనిషిని వస్తువు అన్నాడు. అప్పుడది ముచ్చటగా అన్న మాట, ముసలితనం ఆమెను ముట్టుకోలేదని. కిందికి వచ్చేసరికి అదే మాట అక్షరాలా నిజమైంది. రాళ్లను ఏళ్లు ఏం చేస్తాయి? అతను కోరుకున్నదే జరిగింది, కోరుకోకూడని పద్ధతిలో. తర్వాత చూడు, 'కదలిక లేదు' అన్న చరణంలోనే 'రోల్డ్ రౌండ్' అన్నాడు. కదలని మనిషి తిరుగుతోంది. తనంతట తను కాదు, భూమి తిప్పుతోంది. ఇప్పుడు మాటలు లెక్కపెట్టు. పద్యమంతా ఒక్క సిలబల్ (ఒక్క ఊపులో పలికే ముక్క) మాటలు, రెండు సిలబల్స్ మాటలు. మూడు సిలబల్స్ ఉన్న మాట ఒక్కటే ఒక్కటి, 'డైయర్నల్'. రోజువారీ అని అర్థం, లాటిన్ నుంచి వచ్చిన పుస్తకాల మాట. ఖగోళశాస్త్రంలో వాడతారు. అంత మామూలు మాటల మధ్య ఈ చల్లని శాస్త్రం మాట ఏం చేస్తోంది? నేను జవాబు చెప్పను. బయటికి చదివి చూడు, నోరు ఆ మాట దగ్గర ఎలా తిరుగుతుందో నీకే తెలుస్తుంది.

ఈ పద్యం మీద విమర్శకులు చాలాకాలం కొట్టుకున్నారు. ఇది పచ్చి దుఃఖం, మనిషి రాయైపోయింది అని ఒక పక్షం. కాదు, ఆమె ప్రకృతిలో కలిసిపోయింది, ఇందులో ఓదార్పు ఉంది అని రెండో పక్షం. ఇద్దరూ చూపించే సాక్ష్యం ఒకే లైను, చివరి లైను. బండలు, రాళ్లు, చెట్లు. మొదటి రెండూ ప్రాణం లేనివి. చివరిది ప్రాణమున్నది. చెట్లు ముందు వచ్చి రాళ్లతో పద్యం ముగిసి ఉంటే? రాళ్లతో మొదలై చెట్లతో ఎందుకు ముగిసింది? ఈ ప్రశ్న అడిగితే చాలు, నువ్వు ఆ వాదంలో కుర్చీ లాక్కుని కూర్చున్నట్టే. మీ లెక్చరర్‌తో 'చివరి మాట చెట్లు ఎందుకైందో నాకు అర్థం కావడం లేదు మేడమ్' అని చెప్పి చూడు. ఆవిడ మొహం ఎలా వెలుగుతుందో నేను ఇక్కణ్నుంచే ఊహించగలను. 'నీకేమనిపించింది' అన్న ప్రశ్నకు జవాబు అభిప్రాయమే కానక్కర్లేదు, అర్థం కాని చోటు ఫలానాదని వేలు పెట్టి చూపించినా జవాబే.

ఇప్పుడు నీ తెలుగు సంగతి. తెలుగులో అనుకుని ఇంగ్లీష్‌లో చెబుతానని సిగ్గుపడుతూ రాశావు. ఈ ఎనిమిది లైన్లను తెలుగులోకి మార్చడానికి కూర్చో, సిగ్గు ఎటు పోతుందో చూద్దువు గాని. ఇంగ్లీష్‌లో ఆమె 'షీ'. చనిపోయాక కూడా 'షీ'యే. వస్తువైపోయిందని చెబుతూనే 'ఇట్' అనలేదు కవి, మనిషి సర్వనామం వదల్లేకపోయాడు. తెలుగులో ఏమవుతుంది? ఆమె వినదు, చూడదు. రాయి వినదు, చూడదు. మన క్రియకు ఆమెకూ రాయికీ తేడా లేదు! ఏకవచనంలో ఆడమనిషికీ వస్తువుకూ ఒకటే ప్రత్యయం పెట్టే భాష మనది. దాని మీద మనం ఎప్పుడైనా పోట్లాడుకోవచ్చు, అది వేరే సంగతి. కానీ ఈ పద్యానికి వచ్చేసరికి, ఇంగ్లీష్ దాచిపెట్టిన భయం తెలుగులో వ్యాకరణంలోనే బయటపడుతుంది. పోనీ 'ఆవిడ వినరు' అని గౌరవం కలిపితే? రాయి విడిపోయి మనిషి మిగులుతుంది, పద్యం ఇంకోటైపోతుంది. ఇంగ్లీష్ ఒక్కటే తెలిసినవాళ్లకు ఇది తట్టే అవకాశం లేదు. నీకు తడుతుంది. అనువాదం చేస్తే ఏ మాటనూ దాటేసే వీలుండదు, దగ్గరగా చదవడానికి అంతకంటే మంచి పద్ధతి నేనింకా చూడలేదు. అచ్చు వేయడానికి కాదు, నోట్‌బుక్‌లో చేసుకో.

ఛందస్సు కూడా అంతే. స్కూల్లో గురులఘువులు పెట్టి గణాలు విడగొట్టావు కదా. అయాంబిక్ పెంటామీటర్ (లైనుకు ఐదు ఊనికలుండే ఇంగ్లీష్ పద్యపు నడక) అనగానే బెదిరిపోయే పిల్లలకంటే నువ్వు ముందున్నావు. ఒకటే తేడా. మనకు అక్షరాన్ని ఎంతసేపు పలుకుతామన్నది లెక్క, ఇంగ్లీష్‌కు ఎక్కడ ఊనిక పెడతామన్నది లెక్క. వర్డ్స్‌వర్త్ పద్యంలో ఒక లైనుకు నాలుగు ఊనికలు, తర్వాతి లైనుకు మూడు, మళ్లీ నాలుగు, మళ్లీ మూడు. జనం పాడుకునే బాలడ్ పాటల నడక అది. బల్ల మీద వేలితో కొడుతూ చదివితే పది నిమిషాల్లో పట్టుబడుతుంది.

నవలల విషయానికొస్తే, నువ్వు మళ్లీ ఇష్టంగా చదవాలంటే ముందు వేగం గురించిన భయం పోవాలి. వారంలో నాలుగు వందల పేజీలు పూర్తిచేయమంటే ఎవరికైనా విసుగే. డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' నీ సిలబస్‌లో ఇప్పుడు కాకపోతే వచ్చే ఏడాదైనా రావచ్చు. అది మొదట పుస్తకంగా రాలేదు. 1860 డిసెంబర్ నుంచి 1861 ఆగస్టు దాకా పత్రికలో వారం వారం వచ్చింది. చదివేవాళ్లు వారమంతా ఎదురుచూసేవాళ్లు. అందుకే అధ్యాయం చివర అంత ఉత్కంఠ. రోజుకు రెండు మూడు అధ్యాయాలు చదువు, ఆపు, తర్వాతేమవుతుందో నీకై నువ్వు ఒక వాక్యం రాసుకో. ఆ నవల ముగింపు సంగతి కూడా చెప్పాలి. డికెన్స్ మొదట రాసిన ముగింపులో కథానాయకుడు పిప్, అతను ప్రేమించిన ఎస్టెల్లా విడిపోతారు. ఒక తోటి రచయిత చదివి మరీ నిరాశగా ఉందంటే, అచ్చుకు పోయే ముందు మార్చి రాశాడు. పాత ముగింపు చాలా పుస్తకాల్లో చివర అనుబంధంగా ఇస్తున్నారు. రెండూ చదివి, నవలకు ఏది సరిపోయిందో, ఎందుకో ఒక పేజీ రాయి. ఇందులో గైడ్ చెప్పేది నీకేమీ అక్కర్లేదు, నీ వాదన నీదే. (నాకైతే మొదటిదే సరైనదనిపిస్తుంది. మా ఇంట్లో ఒప్పుకునేవాళ్లు లేరు.)

నచ్చని పుస్తకాలు కూడా వస్తాయి. నచ్చకపోవడం నేరం కాదు, ఎక్కడ నచ్చలేదో చెప్పగలిగితే అదీ మంచి వ్యాసమే. అయితే నచ్చలేదనే ముందు ఒకసారి చెవితో చదివి చూడు. నేను మిల్టన్ 'పారడైజ్ లాస్ట్' రెండేళ్లు తప్పించుకు తిరిగాను. పది వేలకు పైగా లైన్లు, లైన్ల మీద లైన్లు సాగిపోయే వాక్యాలు. తర్వాత ఒక రోజు గుర్తొచ్చింది, మిల్టన్‌కు అప్పటికే చూపు లేదు. ఆ కావ్యమంతా నోటితో చెబితే పక్కన కూర్చున్నవాళ్లు రాసుకున్నారు. 1667లో అచ్చయిన ఆ పుస్తకాన్ని దాన్ని కట్టినాయన కంటితో చూడనే లేదు. చెవితో కట్టినదాన్ని నేను కంటితో పాకుతూ చదువుతున్నానన్నమాట! తలుపేసుకుని గట్టిగా చదివాను. అర్థం మొత్తం అందలేదు, కానీ వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో తెలిసింది, ఆ తర్వాత మిగతాది మెల్లగా వచ్చింది. నాటకాలకు ఇది మరీ అవసరం. ఇద్దరు ముగ్గురు కూడి పాత్రలు పంచుకుని చదవండి. గలగలా మాట్లాడే ఆ పిల్లలనే పిలువు, అక్కడ వాళ్ల గొంతులు పనికొస్తాయి.

వ్యాసాలు ఎలా రాయాలన్నది నువ్వు అడగలేదు గానీ, గైడ్ పాపం ఎక్కువగా కనపడేది అక్కడే. 'విలియం వర్డ్స్‌వర్త్ 1770లో జన్మించిన గొప్ప ప్రకృతి కవి' అని మొదలుపెట్టిన జవాబులు నేను కట్టలు కట్టలు దిద్దాను. అది తప్పేమీ కాదు, కానీ ఆ వాక్యాన్ని ఆయన రాసిన ఏ పద్యానికైనా అతికించొచ్చు. ఏ పద్యానికైనా అతికే వాక్యం ఏ పద్యం గురించీ చెప్పదు. దాని బదులు 'ఈ పద్యంలో చావు అనే మాట లేదు, రెండు చరణాల మధ్య ఖాళీ ఆ పని చేస్తుంది' అని మొదలుపెట్టు. నీ ఇంగ్లీష్ ఎంత సాదాగా ఉన్నా సరే, దిద్దే మనిషి నిద్ర వదిలిపోతుంది. ఒక మాట అను, దానికి పద్యంలోంచి సాక్ష్యం చూపించు, ఆ సాక్ష్యంలో ఏ మాట ఆ పని చేస్తోందో చెప్పు. చివరిది చాలామంది వదిలేస్తారు. కోట్ పెట్టేసి 'ఇలా కవి అద్భుతంగా వర్ణించాడు' అని చేతులు దులుపుకుంటారు.

రెండో ఏడాదికో మూడో ఏడాదికో థియరీ అని, అంటే సాహిత్యాన్ని ఎలా చదవాలన్న సిద్ధాంతాల మీద, ఒక పేపర్ వస్తుంది. ఇప్పటి నుంచే దానికి భయపడకు. పెద్ద పెద్ద పేర్లు, కొరుకుడు పడని వాక్యాలు. వాటిని పాయింట్లుగా బట్టీపట్టకుండా, తగవులుగా చదువు. పుస్తకాలు ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటూ ఉంటాయి. షార్లట్ బ్రాంటీ నవల 'జేన్ ఐర్' 1847లో వచ్చింది. అందులో అటకెక్కించి తాళం వేసిన పిచ్చి భార్య ఒకామె ఉంది, ఆమె గొంతు మనకు వినిపించదు, అరుపులే వినిపిస్తాయి. 1966లో జీన్ రిస్ అనే రచయిత్రి 'వైడ్ సర్గాసో సీ' అనే నవలలో ఆ కథను ఆమె వైపు నుంచి చెప్పింది. కరీబియన్ దీవుల్లో పుట్టి పెరిగిన జీన్ రిస్‌కు ఆ తాళం వేసిన గది సంగతి ఊరికే వదిలేయాలనిపించలేదు. అలాగే కాన్రాడ్ నవల 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్'ను అందరూ కళాఖండమని పాఠం చెబుతుంటే, నైజీరియా రచయిత చినువా అచెబె 1975లో ఒక ఉపన్యాసంలో, ఇందులో ఆఫ్రికా మనుషులు మనుషుల్లా లేరు, ఇది జాత్యహంకారమని తెగేసి చెప్పాడు. ఒప్పుకోనివాళ్లు జవాబులు రాశారు, ఇంకా రాస్తున్నారు. అచెబె మొదటి నవల పేరు 'థింగ్స్ ఫాల్ అపార్ట్' ఐర్లండ్ కవి యేట్స్ పద్యంలోంచి తీసుకున్నదే. చూశావా, ఇంగ్లీష్‌లోనే, ఇంగ్లీష్ పద్యంలోంచి తెచ్చుకున్న మాటతోనే జవాబు. ఇలా పుస్తకాలను జంటలుగా పెట్టి చదివితే థియరీ పేపర్‌లో సగం నీకు పేర్లు తెలియకుండానే అర్థమైపోతుంది.

బంధువుల ప్రశ్నకు అబద్ధం చెప్పను. ఈ డిగ్రీ చేతికి రాగానే ఫలానా ఉద్యోగమని రాసిపెట్టి లేదు. ఇంజనీరింగ్‌కో నర్సింగ్‌కో ఉన్నట్టు తిన్నని దారి దీనికి లేదు. టీచింగ్, పత్రికలు, పబ్లిషింగ్, అనువాదం, సబ్‌టైటిల్స్, లా, కంపెనీల్లో రాత పనులు, వీటిలోకి మా విద్యార్థులు వెళ్లారు, కానీ డిగ్రీ ఒక్కటే పట్టుకుని కాదు, దానికి తోడు ఇంకోటి నేర్చుకుని వెళ్లారు. ఈ మూడేళ్లలో నీకు తోచిన ఇంకో పని ఏదైనా చేత్తో నేర్చుకో. రెండు భాషల్లో శుభ్రంగా రాయగలిగినవాళ్లు తక్కువమందే ఉంటారు, నీకు అది సగం చేతిలోనే ఉంది.

సబ్జెక్ట్ మారడం సంగతి. నువ్వు ఇప్పటిదాకా చదివింది లిటరేచర్ కాదు, గైడ్. గైడ్ నచ్చలేదని సబ్జెక్ట్ మారడం తొందరపాటు అవుతుంది. మారడానికి గడువు ఉంటే ఆ తేదీ కనుక్కుని పెట్టుకో. ఈలోగా సిలబస్‌లో మిగిలిన పద్యాల్లో ఐదు చిన్నవి ఎంచుకుని, గైడ్‌నూ ఫోన్‌నూ అవతల గదిలో పెట్టి, ఒక్కోదానితో గంట కూర్చో. గట్టిగా రెండుసార్లు చదువు, తెలియని మాటలు వెతుకు, వింతగా తోచిన మాట కింద గీత గియ్యి, ఎందుకు వింతో పక్కన తెలుగులోనైనా సరే రాసుకో. ఆ తర్వాతే గైడ్ తెరువు. గైడ్‌తో ఒక్కచోటైనా 'కాదు, ఇది ఇలా కాదు' అనిపించిందా, నువ్వు సరైన క్లాసులోనే ఉన్నావు. ఐదు పద్యాలయ్యాక కూడా ఏ మాట మీదా నీకు కోపమూ ముచ్చటా రాకపోతే నిశ్చింతగా మారిపో, నవలలు ఎక్కడున్నా చదువుకోవచ్చు.

అంతకంటే ముందు ఆ ఎనిమిది లైన్లు తెలుగు చేసి నాకు పంపు. 'థింగ్' దగ్గర ఏ మాట వేస్తావో చూడాలని ఉంది. వస్తువు అంటే కొట్లో సరుకులా ఉంది, పదార్థం అంటే సైన్సు పాఠంలా ఉంది. నాకు ఇన్నేళ్లుగా దొరకలేదు.